నాలుక మీద బడి

ఏవిస్ నీగార్డ్ టర్ము మొదటి రోజున క్లాసులోకి పుస్తకం పట్టుకుని రాదు, పాలగిన్నె పట్టుకుని వస్తుంది. కొండ మీదున్న మా చిన్న కాలేజీలో సముద్రశాస్త్రానికి ఓనమాలు దిద్దించేది ఆవిడే. బల్ల మీద కరెంటు పొయ్యి పెట్టి, పాలలో కోకో కలిపి కాచి, పైన మీగడ కట్టేదాకా నోరు విప్పదు. కొత్తగా చేరినవాళ్లు ఇదేదో వంటల క్లాసేమోనని తలుపు మీది నంబరు మళ్లీ చూసుకుంటారు. మీగడ కట్టాక చెంచాతో ఓ పక్క నుంచి మెల్లగా నెడుతుంది. మీగడ ముడతలు పడి, ఒక ముక్క రెండో ముక్క కిందికి దూరుతుంది.

"ఇదీ భూమి," అంటుంది అప్పుడు. "మొదట్లో అంతా ధూళి. ధూళి ధూళిని గుద్దుకుని ముద్దయింది. ముద్ద వేడెక్కి కరిగింది. బరువైన ఇనుము అడుక్కి దిగింది, తేలికది పైకొచ్చి చల్లారి తొక్క కట్టింది. ఆ తొక్క మీద మీరు ఇళ్లు కట్టుకున్నారు. కింద పొయ్యి ఇంకా ఆరలేదు."

ఎవరో ఒకరు అడుగుతారు, ఆ చెంచా ఎవరిదని. దానికీ ఆవిడ దగ్గర జవాబుంది. తీరానికి కాస్త దూరంలో సముద్రం అడుగున ఓ బీట ఉంది. అందులోంచి కొత్త రాయి ఉబికి వచ్చి పాతదాన్ని మన వైపు నెడుతుంది. మన గోళ్లు పెరిగే వేగంతో అది వచ్చి వచ్చి మన ఊరి కిందికి దూరుతోంది. దూరి, ఇరుక్కుపోయింది.

"ఇరుక్కుపోతే మంచిదేగా?" అంటారు.

"ఇరుక్కుంది. నెట్టడం మాత్రం ఆగలేదు," అంటుంది ఏవిస్. తర్వాత ఆ భూమిని తలా ఒక కప్పు పోసి ఇచ్చేస్తుంది.

అమెరికా పడమటి అంచున, ఆరెగన్ తీరంలో మా పెల్టన్ బే ఊరు రెండు ముక్కలు. ఒకటి కొండ, రెండోది నాలుక. నాలుకంటే సముద్రానికీ ఉప్పుటేటికీ మధ్య సాగిన సన్నటి ఇసుకదిబ్బ. పడవల రేవు, పీతలు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ, సగం ఇళ్లు, పిల్లల బడి, అన్నీ దాని మీదే. కాలేజీ, చర్చి, శ్మశానం కొండ మీద. చచ్చినవాళ్లని మాత్రం భద్రమైన చోట పెట్టుకున్నామని ఏవిస్ దెప్పుతూ ఉండేది. నాలుక నుంచి కొండకి ఒకటే దారి, ఉప్పుటేటి మీది వంతెన. మా తాతల నాటి కొయ్య దూలాల మీద నిలబడింది. ఐసు లారీ వెళ్తేనే గడగడలాడుతుంది.

ఏవిస్ ఇల్లు కొండ మీదే. కాని ఆవిడ ప్రాణం రోజూ పొద్దున్నే వంతెన దాటి నాలుక మీదికి వెళ్తుంది. కూతురు కారిన్ ఆ బడిలో ఒకటో తరగతి టీచరు. మనవరాలు టాన్సీ అదే బడిలో శిశుతరగతి, వచ్చే ఏడు తల్లి క్లాసుకే వస్తుంది.

మే నెలలో నీళ్లు బాగా వెనక్కి తీసే రోజు చూసుకుని క్లాసునంతా ఉప్పుటేటి గట్టుకి తీసుకెళ్లడం ఏవిస్ ఆనవాయితీ. ఆ ఏడు సెలవు రోజు కావడంతో టాన్సీ కూడా తోకలా వెంటపడింది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతుల్లో పారలు. అందరికన్నా వెనక ఆర్విల్ సారినెన్ మూలుగుతూ నడుస్తున్నాడు. నలభై ఏళ్లు పీతల పడవ నడిపి, భార్య పోయాక మధ్యాహ్నాలు గడవక కాలేజీలో చేరిన ముసలాయన. ఏవిస్‌తో పాటు ఆ నాలుక మీది బడిలోనే చదువుకున్నాడు.

"ఏవిస్, ఈ బూట్లు మా నాన్నవి. అడుసులో దిగబడి పోయాయంటే ఆయన సమాధిలోంచి లేచొచ్చి నిన్నడుగుతాడు."

"మీ నాన్న బతికున్నప్పుడే నన్నేమీ అడగలేదు. తవ్వు."

గట్టుని నిలువుగా చెక్కేసరికి లోపల చారలు బయటపడ్డాయి. పైన గడ్డి వేళ్లు, దాని కింద బూడిదరంగు ఒండ్రు. దాని కింద వేలెడు మందాన శుభ్రమైన ఇసుక. ఇసుక కింద నల్లటి మట్టి. ఆ నల్లమట్టిలో వేళ్లు, దేవదారు ఆకులు, కుళ్లకుండా నిన్న రాలినట్టే ఉన్నాయి.

"ఈ నల్లది ఒకప్పటి నేల," అంది ఏవిస్. "గడ్డి పెరిగింది, చెట్లు పెరిగాయి. మరి దాని మీదికి సముద్రపు ఇసుక ఎలా వచ్చింది?"

ఫ్యాక్టరీలో పీతలు ఒలిచే డీలియా అడిగింది. "ఎవరన్నా తెచ్చి పోశారా టీచర్?" ఆమె కొడుకు నీకోదీ టాన్సీ తరగతే.

"సముద్రమే తెచ్చి పోసింది. ఇరుక్కున్నది ఓ రోజు విడిపోయింది. విడిపోయేసరికి ఇన్నాళ్లూ ఉబ్బి ఉన్న తీరం అంతా ఒక్కసారిగా మనిషి నడుములోతు కుంగింది. కుంగిన నేల మీదికి సముద్రం వచ్చింది. ఇసుక పరిచి వెళ్లింది. ఆ తర్వాత రోజూ రెండు పూటలా పోటు నీళ్లొచ్చి ఒండ్రు కప్పింది. ఇంకా కిందికి తవ్వితే మళ్లీ నల్లమట్టి, మళ్లీ ఇసుక. మళ్లీ, మళ్లీ."

లోతు సముద్రం అడుగున కూడా ఇదే రాసి ఉందని చెప్పింది. అక్కడ కంటికి కనపడని గుల్లలూ సన్నటి ధూళీ వానలా రాలుతుంటాయి. వెయ్యేళ్లకి గోరంత మందం పేరుతుంది. అంత నిదానమైన చోట ఉన్నట్టుండి ముతక ఇసుక పొర కనిపిస్తుంది. ఇక్కడ నేల కదిలినప్పుడల్లా అక్కడ లోయల్లోకి ఇసుక జారింది.

"చివరిది ఎప్పుడు?" అన్నాడు ఆర్విల్. గొంతులో మూలుగు తగ్గింది.

"మూడొందల ఏళ్లు దాటింది."

"తర్వాతది?"

"తెలీదు."

"ఇవాళ రావచ్చా?"

"రావచ్చు."

"నేను పోయాక?"

"అలానూ రావచ్చు."

"ఇదేం శాస్త్రమే తల్లీ! మా పడవలో తుప్పుపట్టిన రేడియో నీకంటే నయం, రేపు గాలి ఉందో లేదో చెప్పేది."

అందరూ నవ్వారు. టాన్సీ నవ్వలేదు. గట్టు ముందు గొంతుక్కూచుని, ఇసుకకీ నల్లమట్టికీ మధ్య వేలు పెట్టి ఏదో గీరుతోంది.

"అమ్మమ్మా, గడ్డి పడుకుంది."

ఏవిస్ వంగి చూసింది. నిజమే. నల్లమట్టి మీద నిలబడిన గడ్డి ఇసుక కింద పడి వంగింది, వంగింది వంగినట్టే ఉండిపోయింది. పరకలన్నీ ఒకటే వైపు తిరిగి ఉన్నాయి.

"అన్నీ కొండ వైపే చూస్తున్నాయి," అంది టాన్సీ.

ఎన్నో ఏళ్లుగా ఆ గట్టుని చెక్కుతున్న ఏవిస్ ఆ గడ్డిని చాలాసార్లు చూసింది, కొలిచింది, పాఠం చెప్పింది. ఆ పూట మాత్రం చూడలేకపోయింది. పిల్ల వేలికి అంటిన మట్టిని తన కోటుకే తుడిచి, పదమ్మా ఆకలేస్తోంది అంటూ లేచింది.

ఆ వేసవిలోనే బడిని కొండ మీదికి మార్చాలా వద్దా అని ఊరు ఓటు వేయాల్సి వచ్చింది. మార్చాలని అందరి వెంటా పడింది ఏవిసే. ఓటుకి ముందు బడి ఆటల హాల్లో మీటింగు పెట్టారు. ఆవిడ చూరు కింద వానగొట్టం ఒకటి పీకి, నిలువునా కోసి, గట్టులోంచి తీసిన పొరల్ని అందులో పెట్టుకుని వచ్చింది. తడి గుడ్డ కప్పి, పసిబిడ్డని ఎత్తుకున్నంత జాగ్రత్తగా మోసుకొచ్చింది. మేమంతా వరసలో నిలబడి చూశాం. ఇసుక ముట్టుకున్నాం, అబ్బో అన్నాం, కాఫీ తాగాం.

ఏవిస్ ఎక్కువ మాట్లాడలేదు. నేల ఊగడం ఆగాక కెరటం రావడానికి పిల్లాడు బూట్లు తొడుక్కుని, కోటు వెతుక్కుని, ఓ పాట పాడేంత సేపు ఉంటుందనీ, అంతకంటే ఎక్కువ ఉండదనీ చెప్పింది. బడి కొండ మీదుంటే ఆ కాస్త సేపూ కూడా అక్కర్లేదంది.

అప్పుడు ఆర్విల్ లేచాడు. ఏవిస్ మొహం వెలిగింది. తన క్లాసువాడు, గట్టు తవ్వినవాడు.

"ఆ గట్టు నేను నా చేత్తో తవ్వాను," అన్నాడు ఆర్విల్. "ఇసుకుంది. ఏవిస్ అబద్ధం చెప్పదు, చిన్నప్పుడు కూడా చెప్పేది కాదు, అందుకే మాకు తన్నులు పడేవి."

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"కాని నేను పుట్టింది నాలుక మీద. నా హెల్మీ కన్నుమూసింది నాలుక మీద. బడి కొండెక్కిందంటే పిల్లలున్నవాళ్లు ఎక్కుతారు. వాళ్ల వెనకే అంగడి ఎక్కుతుంది. మిగిలేది నేనూ, సముద్రపు కాకులూ. అదేదో వచ్చి మన ఊరిని పట్టుకుపోతుందట. సరే. అది వచ్చేలోపు మనమే ఊరిని చంపుకుందామా?"

చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టడం మా ఊరికి బాగా వచ్చు.

బయట మెట్ల మీద ఏవిస్ ఆయన్ని నిలేసింది. "నువ్వు కళ్లారా చూశావు కదా ఆర్విల్!"

"చూశాను. చూడకపోయుంటే హాయిగా వద్దనేవాణ్ణి. ఇప్పుడు కంటి మీద కునుకు లేకుండా వద్దంటున్నాను." టోపీ పెట్టుకుని, ఆవిడ చేతిలోని గొట్టం వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ఓటులో ఆవిడ మాట ఓడిపోయింది. ఏదో కొద్దిలో కాదు, చిత్తుగా ఓడింది. ఏవిస్ ఆ గొట్టాన్ని వంటింటి వెనక ఆనించి పెట్టింది. ఎండకి పొరలు బీటలు వారి, ఇసుక కాస్తా రాలిపోయింది.

కూతుర్ని బతిమాలింది. ఇంకో ఊళ్లో ఉద్యోగం చూసుకోమంది. పోనీ టాన్సీని నాకిచ్చెయ్, ఇంట్లో నేనే చదువు చెప్పుకుంటానంది.

కారిన్ గిన్నెలు కడుగుతోంది. కుళాయి కట్టేసింది. "నా పిల్లని కొండ మీద దాచి, ఊళ్లో వాళ్ల పిల్లల్ని అక్కడ కూచోబెట్టి అక్షరాలు దిద్దించనా అమ్మా? వాళ్ల అమ్మల మొహాలు ఎలా చూడను? ఇక నేను వెళ్లిపోతే, నా తర్వాత వచ్చేవాళ్లు వాళ్లకి ఏం చేస్తారు?"

ఏవిస్ తువ్వాలందుకుని తడి గిన్నెలు తుడవసాగింది. తను పెంచిన పిల్లే, తనలాగే మాట్లాడుతోంది.

ఆకురాలు కాలంలో బడిలో డ్రిల్లు జరుగుతుంది, నేల ఊగి కెరటం వస్తే ఎలా తప్పించుకోవాలో పిల్లలకి అలవాటు చేయడానికి. మాకది ఇంచుమించు పండగ. ఎండ కాసే రోజు చూసుకుంటారు, ముందుగా కబురు పెడతారు, అందరూ బూట్లు తొడుక్కునే ఉంటారు. గంట కొట్టగానే పిల్లలు బల్లల కింద దూరతారు. తర్వాత ఒకటో తరగతి వాళ్లు తాడు పట్టుకుంటారు. ఆ తాడుకి రంగురంగుల ఉచ్చులుంటాయి, ఒక్కో ఉచ్చు ఒక్కో పిల్లది. తాడు పట్టుకుని పాట పాడుతూ వంతెన దాటి, కొండెక్కి, చర్చి వాకిట్లో కోకో తాగుతారు. ప్రిన్సిపాల్ ఫాస్ మైకులో "అందరూ క్షేమం" అంటాడు. మేం చప్పట్లు కొడతాం. నేల అంతగా ఊగాక ఆ వంతెన నిలబడదని ఊళ్లో తెలియనివాళ్లు లేరు. దారి పటం గీసినప్పుడు ఇంకో దారి లేదు కాబట్టి వంతెన మీదుగా గీశారు. గీశారు కాబట్టి అలాగే నడిచాం. అలా నడిచిన పిల్లలు పెద్దవాళ్లయి తమ పిల్లల్ని నడిపిస్తున్నారు.

ఫాస్ మంచివాడు. ఒకప్పుడు ఏవిస్ క్లాసులో కోకో తాగినవాడే. ఓటు పోయాక ఆవిడని చూసినప్పుడల్లా తల దించుకునేవాడు.

"టీచర్, మీరడిగినదాంట్లో ఒక్కటన్నా చెయ్యకపోతే నాకు ముద్ద దిగడం లేదు," అన్నాడు.

"ఒక్క డ్రిల్లు వంతెన లేకుండా చేయించు."

"లేకుండా అంటే?"

"అడ్డంగా రిబ్బను కట్టు. ఎవరికీ ముందు చెప్పకు. నిజంగా ఎలా ఉంటుందో ఒక్కసారి అందరూ చూస్తే చాలు. చూశాక ఊరుకోలేరు."

ఆవిడ మనసారా నమ్మింది ఆ మాట. మనుషులు చూస్తే ఊరుకోలేరని. ఆవిడ బతుకంతా ఆ నమ్మకం మీదే నడిచింది.

ఆ రోజు సన్నటి తుంపర పడుతోంది. పోటు మీద ఉప్పుటేరు గట్టు అంచుల దాకా నిండి ఉంది. వంతెన మొదట్లో పసుపు రిబ్బను కట్టి దాని పక్కనే ఏవిస్ నిలబడింది. గంట మోగింది. కాసేపటికి పిల్లల పాట వినిపించింది. ముందు కారిన్, వెనక తాడు, తాడు చివర టాన్సీ. రిబ్బను దగ్గరికి వచ్చేసరికి పాట ఆగిపోయింది.

"దారి మూసేశారు టీచర్," అన్నాడు డీలియా కొడుకు నీకో.

"అవును," అంది కారిన్. తల్లి వైపు చూసింది. ఆమెకి అప్పటికప్పుడు అంతా అర్థమైంది.

"ఇప్పుడెటు వెళ్లాలి?" అన్నాడు నీకో మళ్లీ.

కారిన్ ఎడమ వైపు చూసింది. ఇసుకతిన్నె, దాని వెనక సముద్రం. కుడి వైపు చూసింది. రేవు, నీళ్లు. వెనక బడి. నాలుక మీద ఆ బడి కప్పు కంటే ఎత్తైనది లేదు, దాని మీదికి పిల్లలు విసిరిన బంతులు తేలిగ్గా ఎక్కుతాయి.

"మా అమ్మమ్మకి తెలుసు," అంది టాన్సీ తాడు చివరి నుంచి. గొంతులో గర్వం. "మా అమ్మమ్మకి అన్నీ తెలుసు. అమ్మమ్మా, ఎటు?"

పిల్లలందరూ ఏవిస్ వైపు తిరిగారు. ఉచ్చులు వదలకుండా, వానలో తల ఎత్తి, జవాబు కోసం నిలబడ్డారు. ఆవిడ అన్నీ సిద్ధం చేసుకుంది. రిబ్బను, అనుమతి, ఊళ్లో వాళ్లకి తర్వాత చెప్పాల్సిన మాటలు. ఈ ప్రశ్న ఒక్కటి తనని అడుగుతారని అనుకోలేదు. దారి లేదని చూపిస్తే దారి ఎవరో ఒకరు వేస్తారనుకుంది. ఆ ఎవరో ఒకరు అక్కడెవరూ లేరు. ఆవిడే ఉంది, ఆవిడకి తెలియదు.

పిల్లలు ఆవిడ వెనక కొండ కేసి చూడడం మొదలుపెట్టారు. ఒకరి తర్వాత ఒకరు, అందరూ అటే. ఏవిస్‌కి గట్టులోని గడ్డి గుర్తొచ్చింది. చేయి చాచి వంతెన కమ్మీ పట్టుకుంది.

నీకో ఏడుపు అందుకున్నాడు. వాణ్ణి చూసి మిగతావాళ్లు. చివరికి ఫాసే పరిగెత్తుకొచ్చి, జేబులోంచి చిన్న కత్తి తీసి రిబ్బను కోసేశాడు. "వంతెన వచ్చేసిందర్రా! పదండి పదండి!" అని గట్టిగా అరిచాడు. పిల్లలు ఏడుపు ఆపి, కేరింతలు కొడుతూ దాటేశారు.

ఆ తర్వాత ఊరు ఊరుకోలేదు. ఏవిస్ అనుకున్నట్టుగా మాత్రం కాదు. పసిపిల్లల్ని హడలగొట్టిందని అంగట్లో, చర్చిలో, రేవులో ఒకటే మాట. ఫాస్‌కి చీవాట్లు పడ్డాయి. డ్రిల్లు ఇక ఎప్పటిలాగే వంతెన మీదుగా, ఎండ రోజునే అని తీర్మానించేశారు. కారిన్ వారం పాటు తల్లితో మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు అన్నది ఒకటే, "టాన్సీ పక్క తడుపుతోంది."

డీలియా మాత్రం ఇంటికొచ్చి చెప్పింది. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"మీరు చెప్పింది నిజమేనని నాకు తెలుసు టీచర్. గట్టులో చూశాను కదా. కానీ నన్నేం చెయ్యమంటారు? పని అక్కడే, గది అక్కడే. కొండ మీద నాకు ఇల్లెవరిస్తారు? నీకో రాత్రుళ్లు అడుగుతున్నాడు, అమ్మా ఎటు వెళ్లాలి అని. ముందైతే వంతెన మీదికి అని చెప్పేదాన్ని, పడుకునేవాడు. ఆ ఒక్క మాటా మీరు తీసేసుకున్నారు. బదులు ఏమీ ఇవ్వలేదు."

ఏవిస్ క్షమించమని అడిగింది. డీలియా తల ఊపి మెట్లు దిగిపోయింది. కోపమైనా పడి ఉంటే బాగుండుననిపించింది ఏవిస్‌కి.

తర్వాతి టర్ములో ఆవిడ క్లాసుకి ఆర్విల్ తప్ప ఎవరూ చేరలేదు. ఒక్కడి కోసం క్లాసు నడపలేమని కాలేజీ చెప్పేసింది. చివరి రోజున ఇద్దరూ ఖాళీ క్లాసులో కూచుని పాలు కాచుకున్నారు. మీగడ కట్టింది. ఏవిస్ చెంచా తీసుకోలేదు.

"నెట్టవేం?" అన్నాడు ఆర్విల్.

"నేను నెట్టకపోతే ఆగుతుందా?"

ఆయన గిన్నె వైపే చూస్తూ, "నా మీద కోపముందా?" అన్నాడు.

"ఉంది."

"ఉండాలిలే," అన్నాడు. ఇద్దరూ ఆ కోకో తాగేసి, కప్పులు కడిగి, దీపం ఆర్పేసి వచ్చేశారు.

చలి తగ్గుతుండగా ఏవిస్ నాలుక మీదికి నడిచి వెళ్లింది. బడి వదిలే వేళకి కారిన్ గది తలుపు దగ్గర నిలబడింది.

"నీకు క్లాసులో సాయానికి ఎవరన్నా కావాలన్నావు. పుస్తకాలు చదివి వినిపించడానికి. నేనొస్తాను. జీతం అక్కర్లేదు."

కారిన్ బల్లలు సర్దడం ఆపింది. "రోజూనా? అమ్మా, ఈ ఊళ్లో ఇక్కడుండకూడదని తెలిసింది నీ ఒక్కదానికే. కొండ మీద నీ ఇంట్లో నువ్వుండక ఎందుకొస్తావు?"

"కొండ మీద నిలబడి చూడమంటావా?" అంది ఏవిస్.

కారిన్ చేతిలోని బల్లని గోడకి జరిపింది. తర్వాత ఒక చిన్న కుర్చీ తీసి తల్లి ముందు వేసింది. "ఒక్క షరతు. దాని గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. ఇసుక గురించి, గడ్డి గురించి, ఏదీ."

"మాట్లాడను."

మాట నిలబెట్టుకుంది. ఎలుగుబంట్ల కథలు చదివింది, ముక్కులు తుడిచింది, బూట్లకి ముళ్లు వేసింది. బాగా వేసింది, ఊడిపోకుండా. పిల్లలు గింజుకున్నా రెండు ముళ్లు వేసేది. ఒక్కోసారి ఏ లారీయో వెళ్లి కిటికీ అద్దాలు చిన్నగా మోగితే ఆవిడ చదువుతున్న పేజీ మీద వేలు ఆగిపోయేది. గదిలో ఎవరెక్కడున్నారో ఓసారి చుట్టూ చూసేది. తనకున్నవి రెండు చేతులు. ఒక చేతికి టాన్సీ. రెండో చేతికి ఎవరన్నది ఎన్నిసార్లు అనుకున్నా తేలేది కాదు. తేల్చుకోబోయినందుకే తనని తాను తిట్టుకునేది. అద్దాలు ఆగిపోయేవి. మళ్లీ చదివేది.

ఆకులు రాలే కాలం తిరిగొచ్చింది. మంచి ఎండ రోజు చూసి డ్రిల్లు పెట్టారు. బల్లల కింద నుంచి లేచి, పిల్లలు తాడు పట్టుకున్నారు. ముందు కొస కారిన్ పట్టుకుంది, వెనక కొస ఏవిస్ చేతికిచ్చారు. టాన్సీ ఇప్పుడు రెండో తరగతి, తన క్లాసుతో ముందే వెళ్లాలి. ఎలా తప్పించుకుందో వెనక్కొచ్చి, తాడు చివర అమ్మమ్మ పక్కన ఖాళీగా ఉన్న ఉచ్చు పట్టుకుంది. ఎవరూ ఏమీ అనలేదు.

పాట మొదలైంది. ఏవిస్ కూడా పాడింది. రేవు దగ్గర ఆర్విల్ టోపీ తీసి నిలబడ్డాడు. ఫ్యాక్టరీ గుమ్మంలో చేతులకి పీత వాసనతో డీలియా నిలబడి, కొత్త ఒకటో తరగతి వాళ్లకి చెయ్యూపింది. వంతెన మీద కాలు పెట్టగానే కిర్రుమంది. కింద ఉప్పుటేరు ఎండకి మెరుస్తూ నిశ్శబ్దంగా ఉంది.

మధ్యకి వచ్చాక టాన్సీ నడక తగ్గించింది. ముందున్న పిల్లలకి వినపడకుండా అడిగింది.

"అమ్మమ్మా, నిజంగా వచ్చినప్పుడు వంతెన ఉంటుందా?"

ఇరవై తొమ్మిదేళ్లు పాఠం చెప్పిన మనిషి. తెలియనిది తెలియదని చెప్పింది, తెలిసింది ఎవరు చెవులు మూసుకున్నా చెప్పింది. పిల్ల మొహం కేసి చూసింది. ముందు వరసలో చిన్నవాళ్లు పాట పాడుతూ, గట్టిగా ముళ్లేసిన బూట్లతో టకటకా నడుస్తున్నారు.

"ఉంటుంది," అంది ఏవిస్.

టాన్సీ ఒక్క క్షణం ఆవిడ కళ్లలోకి చూసింది. గట్టులో గడ్డిని చూసిన చూపు అది. తర్వాత తాడు ఉచ్చు వదిలేసి, అమ్మమ్మ చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది.

"ఉంటుందిలే అమ్మమ్మా," అని సముదాయించింది. "ఏడవకు. కోకో చల్లారిపోతుంది, పద."